జాడీలో ముక్కకి ఇంటి నంబరా?

ఒరే అబ్బాయ్, ఆ ఫోను కాస్త బోర్లా పెట్టి చదువు. ఎట్లాగూ సగంలో లేచిపోతావు, ఆ సగమన్నా తిన్నగా చదివితే నాకు తృప్తి.

మొన్నటి సంగతి. పుల్లలచెరువులో మా ఇంటి అరుగు మీద పడక్కుర్చీ వాల్చుకుని కూర్చున్నా. పొద్దు నల్లమల వైపుకి దిగుతోంది. నీళ్ళ ట్యాంకరు రాలేదు. వీధిలో ప్లాస్టిక్ బిందెలు వరసగా, నాకంటే ఓపిగ్గా ఎదురుచూస్తున్నాయి. అప్పుడు మిద్దె మీంచి కేక, "తాతా, ఫైలు దొరకట్లేదు!" అని. మా చిన్నమ్మాయి కొడుకు వాడు. హైదరాబాదులో ఉద్యోగం, నెలలో పది రోజులు ఇక్కడి నుంచే పని. మిద్దె మీద, అదీ నీళ్ళ తొట్టి పక్కన కూర్చుంటేనే వాడికి సిగ్నలు. కాబట్టి ఎక్కడో పెద్ద పట్నంలో జనం కట్టే డబ్బుకి రసీదు ఇచ్చే జావా ప్రోగ్రాము ఇక్కడ మా వడియాల గుడ్డ పక్కన తయారవుతోంది.

"ఏ ఫైలురా?"

"రసీదు టెంప్లేటు. నా ల్యాప్‌టాప్‌లో దొరుకుతోంది తాతా. సర్వర్ మీద పెడితే దొరకట్లేదు."

ఈ మాట చెవిన పడిందంటే నాకు మోకాళ్ళ నొప్పులు మాయమవుతాయి. కర్ర కూడా తీసుకోకుండా మెట్లెక్కా. మా ఆవిడ వంటింట్లోంచి, "మందుబిళ్ళ కోసం మూడుసార్లు పిలిస్తే లేవని మనిషి" అని ఏదో అంది. వినపడనట్టే ఎక్కా.

మా రోజుల్లో ఫైలుకొక చిరునామా ఉండేది నాయనా. సీ, కోలన్, వెనక్కి వాలిన గీత, ఫోల్డరు పేరు, మళ్ళీ గీత, ఫైలు పేరు. పేరంటే ఎనిమిది అక్షరాలు, చుక్క, ఇంకో మూడక్షరాలు. డాస్ పెట్టిన కట్టుబాటు అది. పిల్లకి నామకరణం చేసినంత ఆలోచించి పెట్టేవాళ్ళం. పెట్టినచోట పెట్టినట్టు ఉండేది. పదేళ్ళ తర్వాత వెళ్ళి తలుపు తట్టినా "ఆఁ" అని పలికేది. ఇప్పుడో? ఫైలు ఎక్కడుందని అడిగితే, ఈ కాలం పిల్లలు "క్లాస్‌పాత్‌లో ఉంది" అంటారు. జావా వెతికే చోట్లన్నిటికీ కలిపి పెట్టిన పేరది. ఎక్కడుందిరా అంటే "లోకంలో ఉంది" అన్నట్టు.

అయినా చిరునామా గురించి నేను మాట్లాడకూడదేమో. మా ఊరి చిరునామాయే నా కళ్ళ ముందు ఎన్నిసార్లు మారిందో చెప్తా విను. నాకు ఊహ తెలిసేటప్పటికి మాది కర్నూలు జిల్లా, మార్కాపురం తాలూకా. బళ్ళో మార్కాపురం పలక మీద అదే రాసేవాళ్ళం. మార్కాపురం పలకంటే ఏమనుకున్నావు, ఆ రాయి దేశమంతా అక్షరాలు దిద్దించింది. చెక్క చట్రం, నల్లటి రాయి, బలపం. తప్పు రాస్తే ఎంగిలి వేలితో ఒక్క రుద్దు, అంతే సంగతులు. నేను ఎనిమిదో తరగతికి రాకముందే, 1970 ఫిబ్రవరిలో, కర్నూలు, గుంటూరు, నెల్లూరు జిల్లాల నుంచి ముక్కలు కోసి ఒంగోలు జిల్లా చేశారు. పుస్తకాల మీద కర్నూలు కొట్టేసి ఒంగోలు రాసుకున్నాం. సిరా ఆరిందో లేదో, 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. మళ్ళీ కొట్టివేత. ఆ ఏడాదే పిన్‌కోడు కూడా వచ్చింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఇంకా ఎన్ని మారతాయో. ఊరు మాత్రం అంగుళం కదల్లేదు. అదే చెరువు, అదే బొడ్రాయి.

మా నాయన మాత్రం చివరిదాకా ఉత్తరాల మీద వెనకటి జిల్లా పేరే రాసేవాడు. అవి చేరేవి కూడా. పోస్టుమాన్ జిల్లా చూసేవాడు కాదు, మనిషి పేరు చూసేవాడు. ఈ ముక్క ఎందుకు చెప్పానో తర్వాత నాకే చుట్టుకుంటుంది. ప్రస్తుతానికి పక్కన పెడదాం.

ఇంతకీ వాడు చూపించిన కోడు. "ఎస్‌ఆర్‌సీ, మెయిన్, రిసోర్సెస్, టెంప్లేట్స్, రసీదు" అని ఫైలుకి పాత్ రాశాడు. ప్రోగ్రాములు మూటకట్టే మావెన్ అనే పనిముట్టు వచ్చిన దగ్గర్నుంచి లోకమంతా రిసోర్సుల్ని ఆ గూట్లోనే పెడుతుంది. వీడూ పెట్టాడు, తప్పులేదు. కానీ ఆ గూడు ఉండేది నీ ల్యాప్‌టాప్‌లో. ప్రోగ్రాముని మూటకట్టేటప్పుడు, గూట్లో ఉన్న సరుకంతా క్లాసు ఫైళ్ళతో కలిసి జార్ అనే మూటలోకి పోతుంది. గూడు మాత్రం పోదు. సర్వర్‌కి వెళ్ళి "ఎస్‌ఆర్‌సీ ఎక్కడ?" అంటే అది తెల్లమొహం వెయ్యక ఏం చేస్తుంది?

వాడికి అర్థమయ్యేట్టు చెప్పా. చేలో ఉన్నంతసేపు అది ఫలానా గట్టు పక్క, మూడో సాలు, నాలుగో చెట్టు పండుమిరపకాయ. కోసి, తొడిమ తీసి, ఉప్పూ చింతపండూ వేసి దంచి జాడీకెత్తాక, సాలు లెక్క ఎవడిక్కావాలి? జాడీలో ముక్కకి ఇంటి నంబరేంది? జాడీ మూత తియ్యి, గరిటె పెట్టు, తీసుకో. జావాలో ఆ గరిటె పేరు స్ట్రీమ్. గెట్‌రిసోర్స్‌యాజ్‌స్ట్రీమ్ అని మూడు బారల పేరు. పేరు పొడుగైనా పని చిన్నది.

"మరి జార్‌ని జాడీ అని నాకు ఎవరూ చెప్పలేదే" అన్నాడు. జావా ఆర్కైవ్ అన్న రెండు మాటల్ని కుదిస్తే వచ్చింది జార్. అయినా ఆ పేరు పెట్టినవాడి మనసులో ఊరగాయ ఉండే ఉంటుందని నా నమ్మకం. లోపల అది ఉత్త జిప్ ఫైలే. అసలు జావా 1996 జనవరిలో వచ్చినప్పుడు ఈ జాడీ లేదు. ఏడాది తర్వాత, 1.1తో వచ్చింది. అప్పట్లో యాప్లెట్ అని ఒకటుండేది, బ్రౌజర్లో ఆడే బొమ్మలాట. దాని క్లాసులొకటొకటి, బొమ్మలొకటొకటి విడివిడిగా నెట్ మీంచి దిగాలి. డయలప్ మోడెము కీచుమంటూ ఒక్కో దానికీ వెళ్ళి వస్తుండేది, మంచినీళ్ళకి ఒక్కో చెంబుతో చెరువుకి వెళ్ళొచ్చినట్టు. అందుకని అన్నీ ఒకే మూటలో కట్టి ఒక్కసారే దించుకునే ఏర్పాటు చేశారు. దాంతోపాటే ఈ గెట్‌రిసోర్స్ కూడా పుట్టింది. ఆ మూట మాకు మహాప్రసాదం అప్పట్లో. అవున్లే, అది కూడా మార్పే. కానీ అది మా రోజుల్లో వచ్చిన మార్పు, కాబట్టి మంచిది.

నేను జావా నేర్చుకుంది అమీర్‌పేటలో, 1999లో. నలభై రెండేళ్ళ మనిషిని, వైటూకే పుణ్యమా అని కోబాల్ పనితో నాలుగు డబ్బులు చూసినవాణ్ణి. ఆ పని అయిపోతే రోడ్డున పడతానని భయమేసి, మైత్రీవనం వెనక ఒక సెల్లారులో ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళ మధ్య బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నా. కిందా మీదా పిల్లలే. గాలాడదు. జిరాక్సు నోట్సు వాసన, పక్కవాడి నెత్తిన కొబ్బరినూనె వాసన. నన్ను చూసి మొదటి రోజు కొంతమంది లేచి నిలబడ్డారు, సారొచ్చాడనుకుని. ఆ గౌరవం రెండో రోజుకి లేదు.

ఆ క్లాసులో మొదటి వారమంతా జావా కాదు, క్లాస్‌పాతే. విండోస్ 98లో ఆటోఎగ్జెక్ ఫైలు తెరిచి, అందులో సెట్ క్లాస్‌పాత్ అని రాసి, చుక్క పెట్టాలి. చుక్కంటే "ఇక్కడే" అని. నువ్వు నిలబడ్డ చోట. ఆ చుక్క మర్చిపోతే, నీ ప్రోగ్రాము నీ కళ్ళ ముందే ఉన్నా జావాకి కనపడదు. క్లాసు దొరకలేదని బోరుమంటుంది. ఎంతమంది ఇంజినీర్లు ఆ చుక్క కోసం ఏడ్చారో అమీర్‌పేట సందులకి తెలుసు. ఇప్పుడు ఆ చుక్క ఎవడు పెడుతున్నాడు? అన్నీ ఆ ఐడీఈ అనేదే పెట్టేస్తుంది. మీట నొక్కితే పరిగెత్తుతుంది. అందుకే పరిగెత్తనప్పుడు ఎందుకో తెలియదు మీకు. పక్కనున్న సత్యం థియేటర్ కూడా ఇప్పుడు మాల్ అయిపోయింది. దానికీ దీనికీ సంబంధం లేదు, ఊరికే కడుపు మండి చెప్పా.

నా వీరగాథ కూడా ఒకటుంది. 2000లో నేను పనిచేసే చిన్న కొట్లాంటి ఆఫీసు తరఫున, గుంటూరులో ఒక మిరపకాయల వ్యాపారికి బస్తాల లెక్క చూసే ప్రోగ్రాము రాశా. పైన ఆయన దుకాణం ముద్ర, ఎర్రటి మిరపకాయ బొమ్మ, కింద బస్తాలు, తరుగు, కమీషను. చాలా ముచ్చటగా వచ్చింది. చూపించడానికి ఎండన పడి వెళ్ళా. ఏసీ గది, తలుపు తీస్తే మిరప ఘాటు. ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు, సోడాలు. ప్రోగ్రాము పెట్టి మొదలుపెట్టా. ముద్ర ఉండాల్సిన చోట బూడిదరంగు ఖాళీ. మిరపకాయ లేదు. జావాలో బొమ్మకి తప్పు పాత్ ఇస్తే గొడవ చెయ్యదు, మర్యాదగా ఊరుకుంటుంది. కానీ లెక్కల సెట్టింగుల ఫైలు ఊరుకోదు కదా. కాసేపటికి ఆ పెట్టెలో సీడీ డ్రైవు గుర్రుగుర్రుమని తిరిగి, తెర మీద "పరికరం సిద్ధంగా లేదు" అని ఇంగ్లీషులో పడింది.

జరిగిందేంటంటే, నేను బొమ్మలకీ సెట్టింగులకీ నా కంప్యూటర్లో ఉన్న పాత్ అక్షరాలా రాసేశా. డీ, కోలన్, నా పేరు, పనులు, మిరపకాయ. నా పెట్టెలో డీ అంటే హార్డ్‌డిస్కులో రెండో భాగం. ఆయన పెట్టెలో డీ అంటే సీడీ డ్రైవు, అందులో సీడీ కూడా లేదు. ఘాటుకి తుమ్ములొకపక్క, చెమటలొకపక్క. ఆ పెద్దాయన సోడా నా వైపు జరిపి, "ఏమయ్యా, నీ ఇంట్లో ఉన్న వస్తువు నా ఇంట్లో వెతికితే ఎట్లా దొరుకుద్ది?" అన్నాడు. జీవితంలో కంప్యూటరు ముట్టని మనిషి. రిసోర్సుల గురించి అంతకన్నా బాగా ఎవరూ నాకు చెప్పలేదు. అమీర్‌పేటలో ఫీజు కట్టి నేర్చుకోనిది సోడాతో పాటు ఉచితంగా వచ్చింది.

ఇదంతా మనవడికి చెప్పలేదు. తాతకి కాస్త పరువుండాలి. నీకు చెప్తున్నా, నువ్వెట్లాగూ సగంలో లేచిపోతావు గనక.

వాడు గరిటె మాట విన్నాడు గానీ, సగమే విన్నాడు. గెట్‌రిసోర్స్ అని అడిగి, వచ్చిన జవాబుని మళ్ళీ ఫైలుగా మార్చబోయాడు. జార్ లోపలి వస్తువుకి జావా ఇచ్చే చిరునామా చూశావా ఎప్పుడైనా? జార్ పేరు దాకా మామూలుగా వచ్చి, ఆపైన ఒక ఆశ్చర్యార్థకం, ఆ తర్వాత గీత, లోపలి పేరు. జావాకే ఆశ్చర్యంగా ఉందన్నమాట. అది ఫైలు చిరునామా కాదు. దాన్ని పట్టుకెళ్ళి విండోస్‌నో లైనక్స్‌నో అడిగితే అవి జాడీ దాకానే చూపిస్తాయి. ఇంకో తమాషా, ఫోల్డరు పేరులో ఖాళీ ఉంటే ఆ చిరునామాలో ఖాళీ బదులు శాతం గుర్తూ ఇరవై వస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నేను కమీషననుకున్నా.

"సరే తాతా, స్ట్రీమే వాడతా" అని మూడో ప్రయత్నం. ఈసారి నల్ వచ్చింది. ఈ నల్ ఉంది చూశావూ, అది మా బంధువుల్లో ఒకాయన లాంటిది. అప్పడిగితే ఇస్తాననడు, లేదనడు. కళ్ళు మూసుకుని నవ్వుతాడు. నువ్వు ఆశపడి చెయ్యి చాపినప్పుడు తెలుస్తుంది అక్కడేమీ లేదని. గెట్‌రిసోర్స్‌యాజ్‌స్ట్రీమ్ దొరక్కపోతే "దొరకలేదు బాబూ" అని నోరు తెరిచి చెప్పదు. సున్న చుట్టి చేతిలో పెడుతుంది. రెండు లైన్లు దాటాక నల్ పాయింటర్ ఎక్సెప్షన్ అని పిడుగు పడుతుంది, అదీ వేరే చోట.

"ముందు గీత పెట్టావా?" అన్నా. పెట్టాడు. "ఎవర్ని అడిగావు? క్లాసునా, క్లాస్‌లోడర్నా?" లోడర్ని అడిగాడు. అదీ సంగతి.

ఈ గీత గొడవ విను, ఎవరూ సరిగ్గా చెప్పరు. క్లాసుని అడిగేటప్పుడు పేరుకి ముందు గీత పెడితే, ఊరి బొడ్రాయి దగ్గర్నుంచి లెక్క. గీత లేకపోతే, ఆ క్లాసు ఏ ప్యాకేజీలో కాపురముంటుందో ఆ ఇంటి వాకిట్లోంచి లెక్క. కానీ క్లాసుల్ని వెతికి తెచ్చే క్లాస్‌లోడర్ ఎప్పుడూ బొడ్రాయి మీదే కూర్చుని ఉంటుంది. దానికి మళ్ళీ "బొడ్రాయి నుంచి" అని చెప్తే తికమకపడి నల్ ఇస్తుంది. ఇంత చిన్న గీత. దీన్ని సరిచేద్దామని ఎవరికీ అనిపించలేదు, 1997 నుంచి ఇదే వరస. అందుకని నాకు దీని మీద గౌరవం. మారనిది ఏదైనా నాకు గౌరవమే, అది తప్పైనా సరే.

క్లాస్‌లోడర్ మీద ఇంకో కారణానికి కూడా నాకు మమకారం. దాన్ని ఏదైనా అడిగితే, ముందు తను వెతకదు. తన పైనున్న లోడర్ని అడుగుతుంది. అది దాని పైనున్నదాన్ని అడుగుతుంది. అందరికన్నా పెద్దది "నా దగ్గర లేదు" అన్నాకే కిందివాళ్ళు తమ అరలు తెరుస్తారు. పనిచేసే ముందు పెద్దల్ని అడిగేది ఈ లోకంలో ఇంకా ఇదొక్కటే మిగిలింది. మా మనవడితో ఈ మాటంటే, "అందుకే తాతా కొంచెం స్లో" అన్నాడు. వెధవ.

తెలుగు సంగతి చెప్పకపోతే నిద్రపట్టదు. ఒకప్పుడు ఒక ఆఫీసుకి రసీదులు తెలుగులో కావాల్సి వచ్చాయి. జావాకి యూనికోడ్ పుట్టుకతోనే వచ్చు. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు కూడా వచ్చింది. ఇంకేం, పండగే అనుకున్నా. మాటలన్నీ ప్రాపర్టీస్ ఫైల్లో తెలుగులో టైపు చేసి పెట్టా. తెర మీద చూస్తే పిచ్చిగీతలు. ఆ ఫైలుని జావా లాటిన్ లిపిలోనే చదువుతుందట! తెలుగు రాయాలంటే ఒక్కో అక్షరానికీ, ఒక్కో గుణింతపు గుర్తుకీ వెనక్కి వాలిన గీత, యూ, నాలుగంకెల సంకేతం రాయాలి. ప అంటే సున్నా, సీ, రెండు, ఏ. పుల్లలచెరువు అన్న మాటని విప్పితే అక్షరాలూ, కొమ్ములూ, ఎత్వమూ, వత్తుకి వాడే పొల్లూ కలిపి పన్నెండు. ఒక్కోదానికి ఆరు గుర్తులు. మా ఊరి పేరు రాయడానికి 72 గుర్తులు! ఊళ్ళో గడపల లెక్క రాస్తున్నట్టుండేది. అందుకు నేటివ్‌టూఆస్కీ అని ఒక చిన్న పనిముట్టు ఇచ్చారు, ఫైలంతా దాంట్లో వేసి తీయాలి. తీశాక అందులో ఏముందో రాసిన నేనే చదవలేను. "చెల్లింపు"లో తప్పు దిద్దాలంటే కోడి గుడ్ల బుట్టలో మురిగిన గుడ్డు వెతికినట్టు ఒక్కోటీ ఎత్తి చూడాలి.

ఇప్పుడు? 2017 సెప్టెంబరులో జావా 9 వచ్చాక, మాటల కట్టలకి వాడే ఆ ఫైళ్ళు నేరుగా తెలుగులోనే రాసుకోవచ్చు. ఆ పనిముట్టుని తీసి అవతల పారేశారు. నా మనవడు మాటలన్నీ ఉన్నవున్నట్టు తెలుగులో కొట్టుకుపోతుంటే చూశా. ఒళ్ళు మండింది. ఆ 72 గుర్తుల బాధ పడనివాడికి ఊరి పేరు విలువేం తెలుస్తుంది? ఈ వాదనలో ఏదో లోపముంది, నాకూ తెలుస్తోంది. పోనీలే.

అదే జావా 9 ఇంకో పని చేసింది, అది మాత్రం క్షమించను. మాడ్యూళ్ళని పెట్టి వాకిళ్ళకి తాళాలు వేసింది. ఇదివరకు ఎవరి జార్‌లోని బొమ్మనైనా పేరు తెలిస్తే తీసుకునేవాళ్ళం, పక్కింటి కరివేపాకులాగా. ఇప్పుడు అది మాడ్యూలైతే, ఆ ఇంటివాళ్ళు "ఓపెన్స్" అని రాసిస్తేనే. మెటా-ఇన్ఫ్ అనే ఫోల్డరు మాత్రం తప్పించుకుంది. ఎందుకో తెలుసా? దాని పేరు మధ్యలో అడ్డగీత ఉంది, అందుకని అది ప్యాకేజీ పేరు కాజాలదు, ప్యాకేజీ కాని దానికి తాళం పడదు. సందులో గోడ వంకరగా ఉండబట్టి ఒకడికి దారి మిగిలినట్టు. ఇక ఆ స్ప్రింగ్ బూట్ సంగతైతే, జార్ లోపల జార్లు. జాడీలో జాడీలు పెట్టి, ఆ పెద్ద జాడీని డాకర్ అనే పెట్టెలో పెట్టి, ఆ పెట్టెని ఎవడిదో మబ్బులో పెడతారు. చిరునామాలో ఆశ్చర్యార్థకాలు రెండయ్యాయి. నాకు ఆశ్చర్యపోవడం కూడా విసుగొచ్చింది. ఒక్కటి మాత్రం ఒప్పుకుంటా, బయటికి చెప్పకు. మా రోజుల్లో గరిటెతో తోడాలంటే వెయ్యిన్ని ఇరవై నాలుగు బైట్ల గిన్నె పెట్టుకుని, నిండేదాకా లూపు తిప్పి, ఆఖరి గిన్నె ఎంత నిండిందో చూసి పొయ్యాలి. ఇప్పుడు రీడ్‌ఆల్‌బైట్స్ అంటే అంతా ఒక్కసారే వచ్చేస్తుంది. సుఖంగా ఉంది. సుఖం మంచిది కాదు గానీ, సుఖంగా ఉంది.

వాడు గీత తీసేశాడు. ల్యాప్‌టాప్‌లో వచ్చింది. సర్వర్లో మళ్ళీ నల్. వాడి మొహంలో రక్తం లేదు. నా మొహంలో వెలుగు. "జాడీ మూత తీసి చూద్దాం పద" అన్నా. జార్ టీ ఎఫ్ అని ఒక కమాండు, లోపల ఏమేం ఉన్నాయో పేర్లన్నీ వరసగా చెప్తుంది. మీ తరంలో ఎవరూ జార్ మూత తియ్యరు. నెట్‌లో వెతుకుతారు, ఏఐని అడుగుతారు, కాళ్ళు పట్టుకుంటారు, ఎదురుగా ఉన్న జాడీలోకి మాత్రం తొంగిచూడరు. పేర్లు గడగడా తెర మీద పారాయి. నేను కళ్ళద్దాలు పైకి తోసుకుని, లైను లైనూ వేలు పెట్టి చదివా, రేషను జాబితాలో పేరు వెతుక్కున్నట్టు.

"ఇదిగో, చూడు."

ఫోల్డరు పేరులో మొదటి టీ పెద్దబడిలో ఉంది. వీడు కోడులో చిన్న టీ రాశాడు. విండోస్‌కి పెద్దబడీ చిన్నబడీ ఒకటే, సర్దుకుపోతుంది. జార్ సర్దుకుపోదు. పెద్ద టీ వేరు, చిన్న టీ వేరు. అందుకే ఇక్కడ దొరికింది, అక్కడ దొరకలేదు.

వాడు నా వైపు చూసిన చూపు నాకు పింఛను కన్నా ఎక్కువ. కానీ ఆ వయసు పిల్లలు ఊరుకుంటారా? పెద్ద టీని చిన్న టీ చేస్తూ, "తాతా, మీ కాలంలో ఫైలు పాత్ మొత్తం ప్రోగ్రాములోనే రాసేవాళ్ళా?" అన్నాడు. "మరి?" అన్నా రొమ్ము విరిచి. "మరి మెయిన్‌ఫ్రేము మీద కోబాల్‌లో?"

ఇరికించాడు. కోబాల్ ప్రోగ్రాములో ఫైలుకి ముద్దుపేరే ఉంటుంది నాయనా. అసలు పేరు బయట, జేసీఎల్ కార్డులో, డీడీ అన్న లైనులో ఉంటుంది. ప్రోగ్రాముకి ఫైలు ఏ డిస్కు మీద ఉందో తెలియదు, తెలియనక్కర్లేదు. నేను జీతం పుచ్చుకుని మొదట చేసిన పనే అది. అంటే చిరునామా లేకుండా పేరుతో పిలవడం నా కాలంలోనే ఉంది. మధ్యలో పీసీలొచ్చిన పదిహేనేళ్ళే సీ కోలన్, డీ కోలన్. ఆ పదిహేనేళ్ళనే నేను "మా రోజులు" అంటున్నానన్నమాట. మా నాయన ఉత్తరాలు గుర్తొచ్చాయి. జిల్లా తప్పు, మనిషి పేరు ఒప్పు, ఉత్తరం చేరింది. "చలిగాలి తగులుతోంది, కిందికి పోదాం" అన్నా. మే నెల.

కిందికొచ్చేసరికి ఫోను మోగుతోంది. పార్సిలు కుర్రాడు, ఎర్రగొండపాలెం నుంచి బండి మీద వచ్చాడు. "సార్, లొకేషన్ పెట్టండి" అన్నాడు. నాకు ఆ మాటే గిట్టదు. "లొకేషనేందయ్యా, ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు. కంప్యూటరు ఆయన ఇల్లెక్కడని అడుగు" అన్నా దర్జాగా. పది నిమిషాలైంది, ఇరవై అయింది. మళ్ళీ ఫోను. అతను బస్టాండు దగ్గర నెట్ సెంటర్లో ఉన్నాడు. ఊళ్ళోవాళ్ళు చూపించిన కంప్యూటరాయన అక్కడ ఆధార్ జిరాక్సులు తీస్తున్నాడట, పార్సిలు తనది కాదంటున్నాడట.

"ఒకే పేరు రెండు చోట్ల ఉంటే క్లాస్‌పాత్‌లో ముందు దొరికిందే ఇస్తుంది తాతా" అని, మనవడు నా చేతిలోంచి ఫోను లాక్కుని ఏదో నొక్కాడు. రెండు నిమిషాల్లో బండి మా అరుగు ముందుంది. ఆ కుర్రాడు మా ఊరివాడు కాదు గనక అట్లా అయింది గానీ, మా ఊరివాడైతేనా!

పార్సిల్లో ఏముందనుకున్నావు? మా పెద్దాడి కూతురికి, అయిదేళ్ళ పిల్లకి, అక్షరాలు దిద్దుకోవడానికి బ్యాటరీ పలక. మార్కాపురం పక్కన కూర్చుని, ప్లాస్టిక్ పలక పార్సిలు తెప్పించుకున్నారు! పుల్లలాంటి దాంతో రాస్తే ఆకుపచ్చగా అక్షరం పడుతుంది. కింద ఒక మీట, నొక్కితే మొత్తం మాయం. అయిదక్షరాల్లో ఒక్కటి తప్పుపోయినా అయిదూ పోవాల్సిందే. ఇదేం పలక? అని ఆ పిల్ల చేతిలోంచి తీసుకుని, అ, ఆ, ఇ రాశా. చెయ్యి వణికి ఇ కొంచెం వంకరపోయింది. అలవాటు కదా, వేలు నాలిక మీద తడి చేసుకుని ఇ మీద రుద్దా.

పోలేదు. ఆ పిల్ల నా వంక చూసి, "ఛీ తాతా" అని పలక లాక్కుని, పావడాకి తుడుచుకుంది.